పాత మాటలకు కొత్త షరతులు వర్తింపజేయవద్దు

సంపాదకుల వారికి,

సోషల్ నెట్‌వర్కులు గోప్యత నిబంధనలు మార్చినప్పుడల్లా వినియోగదారులు గగ్గోలు పెడతారని, నాలుగు రోజులు పోతే వారే సర్దుకుంటారని ఒక అభిప్రాయం బలపడిపోయింది. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్, స్నేహితులు చేసే పనులన్నీ ఒకేచోట వరుసగా చూపే న్యూస్ ఫీడ్ తెచ్చినప్పుడు లక్షల మంది వ్యతిరేకించి, తర్వాత దానికే అలవాటు పడ్డారని ఉదాహరణ చూపుతారు. కానీ ఆ నిరసన వల్లనే ఫేస్‌బుక్ అధినేత మార్క్ జుకర్‌బర్గ్ కొద్ది రోజుల్లో క్షమాపణ చెప్పి, ఫీడ్‌లోకి ఏవి వెళ్ళాలో ఎంచుకునే వీలు కల్పించారన్న సంగతిని మాత్రం విస్మరిస్తారు.

జనం కోపగించుకునేది కొత్తదనం మీద కాదు. ఒక షరతు కింద పంచుకున్న మాటను మరో షరతు కింద బయటపెట్టడం మీద. మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో, నేను వాడే ఒక నెట్‌వర్కులో, పదకొండు మంది ఆత్మీయులకు మాత్రమే కనిపించేలా రోజూ నాలుగు వాక్యాలు రాసుకునేదాన్ని. కొంతకాలానికి నిబంధనలు మారాయంటూ తెర మీద ఒక పెట్టె వచ్చింది. "అంగీకరిస్తున్నాను" అన్న మీట పెద్దదిగా నీలి రంగులో ఉంది. సెట్టింగులు సరిచూసుకోమన్న మాట దాని కింద బూడిద రంగులో, కళ్ళు చికిలించి చూస్తే తప్ప కనబడనంత చిన్నగా ఉంది. పనిలో ఉండి పెద్ద మీట నొక్కేశాను. వారం తిరక్కముందే, అంతగా పరిచయం లేని ఒకాయన నన్ను ఆపి మా నాన్నగారి గురించి పరామర్శించారు. ఆయన మంచి మనసుతోనే అడిగారు, నేనే మాట పెగలక నిలబడిపోయాను.

వినియోగదారుల మాట వింటామని ఫేస్‌బుక్ 2009లో నిబంధనల మార్పులపై ఓటింగ్ పద్ధతి పెట్టింది. అయితే మొత్తం సభ్యుల్లో 30 శాతం ఓటు వేస్తేనే ఫలితానికి కట్టుబడతామంది. 2012 డిసెంబరులో ఆ పద్ధతినే రద్దు చేసే ప్రతిపాదన ఓటుకు వచ్చింది. ఓటు వేసిన దాదాపు 6,68,000 మందిలో 88 శాతం మంది ప్రతిపాదిత మార్పులు వద్దన్నారు. అప్పటికి సభ్యులు 100 కోట్లు దాటారు కనుక 30 కోట్ల ఓట్లు కావాలన్న లెక్కన ఓటింగ్ రద్దయింది. పోలింగ్ జరుగుతోందన్న సంగతే తెలియని కోట్లాది మంది మౌనాన్ని సమ్మతిగా లెక్కించడం న్యాయమని నేను ఎంత ఆలోచించినా అనుకోలేకపోతున్నాను.

ఇప్పుడు ఈ సమస్య సభ్యత్వ రుసుముల్లోకి వచ్చింది. 2023 మార్చిలో ట్విట్టర్, ఎస్ఎంఎస్ ద్వారా రెండంచెల ధ్రువీకరణను (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ కూడా అడిగే భద్రతను) డబ్బు కట్టే చందాదారులకే పరిమితం చేసింది. అదే ఏడాది నవంబరులో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా ఐరోపాలో, ప్రకటనల కోసం తమ వివరాల వాడకానికి ఒప్పుకోవడమో, ప్రకటనలు లేని సేవకు నెలనెలా డబ్బు కట్టడమో తేల్చుకోమంది. ఈ ఏర్పాటుపై ఐరోపా కమిషన్ 2025 ఏప్రిల్‌లో 20 కోట్ల యూరోల జరిమానా విధించింది. సేవ నడపడానికి ఖర్చవుతుంది, చందా అడగడంలో తప్పు లేదు. భద్రతను, గోప్యతను ఆ చందాకు ముడిపెట్టడమే తప్పు.

మేము కోరేది పెద్ద విషయమేమీ కాదు. కొత్త నిబంధన కొత్తగా రాసే వాటికే వర్తించాలి. పాతవి ఎవరికోసం రాశామో వారికే కనిపించాలి. మార్చాలనుకుంటే విడిగా అడగాలి. "వద్దు" అనే మీట కూడా "సరే" అనే మీటంత పెద్దదిగా, దాని పక్కనే ఉండాలి. చట్టాలు చేసేవారు ఈ మాత్రం తప్పనిసరి చేయాలి.

నా పాత పోస్టులను రాత్రిళ్ళు ఒక్కొక్కటిగా తెరిచి సెట్టింగు మార్చుకుంటున్నాను. ఇంకా రెండేళ్ళవి మిగిలి ఉన్నాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు