పదవి పోయింది, స్టాంపు పోలేదు

సంపాదకుడికి,

మొన్న హన్మకొండ చౌరస్తాలో సిగ్నల్ పడితే నా బండి ముందు ఒక తెల్ల కారు ఆగింది. వెనక అద్దం మీద అరచేయంత అక్షరాలతో 'సర్పంచ్' అని రాసి ఉంది. దాని నెత్తిన గోరంత 'మాజీ'. అది చదవాలంటే అద్దానికి ముక్కు ఆనించాలి.

మా దిక్కు పదవి దిగినా పిలుపు దిగదు. ఒక్కసారి గెలిస్తే చచ్చేదాకా 'సర్పంచ్ సాబ్' అనే అంటాం. అది మర్యాద, దాంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా రాతతోనే. కారు మీద రాత సరే, నవ్వుకుని ఊరుకోవచ్చు. లెటర్‌ప్యాడ్, గుండ్రటి రబ్బరు స్టాంపు సంగతి వేరు.

2019లో గెలిచిన సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి 1తో అయిపోయింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్‌లో. నడుమ దాదాపు రెండేళ్లు స్పెషల్ ఆఫీసర్ల పాలన. మా ఊరికి వేసినాయనకు అసలు ఉద్యోగం వేరే ఉంది, వారానికోసారి కనబడితే గొప్ప. జనం అలవాటుకొద్దీ పాత సర్పంచ్ గడపే తొక్కారు. ఆయన చెడ్డవాడేం కాదు, అడిగినవాళ్లను కాదనలేక డ్రాయర్‌లోంచి స్టాంపు తీసి గుద్దేవాడు. మా మేనల్లుడు అట్లాగే నివాస పత్రం రాయించుకుని నర్సంపేటలో ఒక ఆఫీసుకు పోతే, గుమస్తా తేదీ చూసి కాగితం వెనక్కి నెట్టాడు: "ఈయన దిగిపోయి ఏడాదైంది గదయ్యా!" పత్తి ఏరే రోజుల్లో ఒక రోజు కూలి, రానుపోను బస్సు కిరాయి దండగ.

లేని సర్కారు పదవి ఉన్నట్టు నటించి, ఆ పేరుతో పని చేస్తే భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా జైలు ఉంది. మా పెద్దాయన్ను జైల్లో వేయమని నేనడగను. గడువు ముగిసిన రోజే రికార్డులతో పాటు స్టాంపు, మిగిలిన లెటర్‌ప్యాడ్లు పంచాయతీ కార్యదర్శి లెక్కపెట్టి తీసుకుంటే చాలు. జిల్లా పంచాయతీ అధికారి ఆ మేరకు ఒక సర్క్యులర్ ఇవ్వాలి.

కొత్త సర్పంచ్‌కు పాత స్టాంపు అందనే లేదు. నర్సంపేటలో కొత్తది చేయించుకుంది. షాపతను కాగితం, గుర్తింపు కార్డు ఏదీ అడగలేదట. ఏ పేరు, ఏ ఊరు అని మాత్రం అడిగి, సాయంత్రానికి చేతిలో పెట్టాడు.

— ఒక పాఠకుడు, నర్సంపేట మండలం, వరంగల్ జిల్లా