గోధుమ కంకుల పిల్ల

ఒరేయ్ చంటీ,

నిన్న సాయంత్రం ఇక్కడ మాడ్రిడ్‌లో ప్రాదో మ్యూజియంకి వెళ్ళొచ్చాను. ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా టికెట్ కొనక్కర్లేదు, అందుకని ఆఫీసు నుంచి అటే వెళ్ళి లైన్లో నిలబడ్డా. లోపల ఫొటోలు తియ్యనివ్వరు. నీకు వాట్సాప్‌లో పంపే దారి లేదు, కాబట్టి ఉత్తరంలోనే చూపించాలి. కాస్త ఓపిగ్గా చదువు.

స్పెయిన్ చిత్రకారుడు గోయా 1800లో వేసిన చించోన్ కౌంటెస్ అనే దొరసాని బొమ్మ. ఎత్తు ఏడడుగులు, వెడల్పు ఐదడుగులకి కొంచెం తక్కువ. అంత కాన్వాసులో ఉన్నదల్లా ఒక కుర్చీ, అందులో ఇరవయ్యేళ్ళయినా నిండని పిల్ల. వెనకాల తెర లేదు, బల్ల లేదు, కిటికీ లేదు. ఉత్త చీకటి. రాజుల ఇళ్ళ ఆడవాళ్ళని వేసేటప్పుడు నగలూ పట్టుతెరలూ దట్టించడం మామూలు కదా, ఈయన అన్నీ తీసేశాడు. పిల్ల మనవైపు చూడదు, పక్కకి చూస్తుంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, నిండుతున్న కడుపుని కాపు కాస్తున్నట్టు కూర్చుంది. అవునురా, కడుపుతో ఉంది.

తలమీద లేసు టోపీ, అందులో పచ్చి గోధుమ కంకులు గుచ్చారు. వాళ్ళ వైపు అవి సంతానానికి గుర్తట. నాకు వెంటనే మన చేలు గుర్తొచ్చాయి. పొట్టకొచ్చిన చేను అంటాం కదా, అదే మాట ఈయన రంగుల్లో అన్నాడనిపించింది.

నీకు చెప్పాల్సింది గౌను గురించి. దగ్గరికెళ్ళి చూస్తే అక్కడ గౌనే లేదు! తెలుపూ బూడిదరంగూ కలిసిన కుంచె విసుర్లు, ఒకదాని మీదొకటి, కొన్నిచోట్ల అడుగు రంగు కూడా కనిపించేంత పల్చగా. నాలుగడుగులు వెనక్కి వేశానో లేదో, అదే మస్లిన్ అయిపోయింది, మోకాళ్ళ మీంచి జారి వెలుగు పట్టుకుంది. ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు తిరిగానో! నువ్వుంటే ఆ గౌను దగ్గరే గంట నిలబడేవాడివి. చేతికున్న పెద్ద ఉంగరంలో ఒక మగాడి చిన్న బొమ్మ. మొగుడు గోదోయ్ అనే అంటారు.

ఆ పిల్ల కథ విను. పేరు మరియా తెరేసా. తండ్రి ఇన్ఫాంతే (అంటే రాకుమారుడు) లూయిస్, స్పెయిన్ రాజు మూడో కార్లోస్‌కి స్వయానా తమ్ముడు. రాజవంశం కాని అమ్మాయిని చేసుకున్నాడని ఆయన్ని దర్బారుకి దూరంగా పెట్టారు, పిల్లలకి బూర్బోన్ అన్న రాజవంశపు ఇంటిపేరు కూడా దక్కనివ్వలేదు. వాళ్ళు అరెనాస్ దే సాన్ పెద్రో అనే ఊళ్ళో ఉన్నప్పుడు, 1783లో, గోయా వాళ్ళింటికెళ్ళి కొన్నాళ్ళుండి అందరి బొమ్మలూ వేశాడు. లూయిస్‌తో వేటకి కూడా వెళ్ళానని స్నేహితుడు మార్తీన్ సపాతేర్‌కి ఎంత సంబరంగా ఉత్తరం రాశాడో! అప్పుడు ఈ పిల్లకి రెండేళ్ళ తొమ్మిది నెలలు. ఆ వయసు బొమ్మమీదే రాసి ఉంది. చిన్న కుక్కపిల్లని ముందు పెట్టుకుని, నడుం మీద చెయ్యేసి, పెద్ద ఆరిందాలా నిలబడింది. అది ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది.

రెండేళ్ళకే, 1785లో, తండ్రి పోయాడు. తల్లి నుంచి విడదీసి, చెల్లెలితో పాటు తోలేదో ఊళ్ళో కాన్వెంటులో పెట్టారు. పన్నెండేళ్ళు అక్కడే. 1797లో బయటికి తీసి గోదోయ్‌కి కట్టబెట్టారు. అతను రాణిగారికి ఆప్తుడు, దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్నవాడు. ఆ ఏడాదే మంత్రి అయిన హోవెల్యానోస్ వాళ్ళింట భోజనానికి వెళ్ళి, గోదోయ్‌కి కుడిపక్కన భార్య, ఎడమపక్కన పెపీతా తుదో కూర్చున్నారని డైరీలో రాసుకున్నాడు. పెపీతా అతని ప్రియురాలు. చదివి నాకు కడుపులో దేవింది. ఇంటిపేరు మాత్రం పెళ్ళయ్యాక, 1799లో, తిరిగిచ్చారు.

ఇంకోటి. ఎక్స్‌రే తీస్తే ఈ బొమ్మ అడుగున వేరే బొమ్మలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి నిలువెత్తు గోదోయ్! మొగుడి బొమ్మ కప్పేసి, దానిమీద ఈ పిల్లని కూర్చోబెట్టాడు. వాడిన కాన్వాసు మళ్ళీ వాడటం అప్పట్లో కొత్తేం కాదు, అయినా ఆ సంగతి తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

2000లో స్పెయిన్ ప్రభుత్వం 400 కోట్ల పెసేటాలు (అప్పటి వాళ్ళ డబ్బు) ఇచ్చి దీన్ని ప్రాదోకి కొన్నది. ఇచ్చిన ప్రతి పెసేటా సార్థకమేనంటాను.

నన్ను పట్టేసింది వేరే విషయంరా. 1800 నాటికి గోయాకి యాభై నాలుగేళ్ళు, చెవులు పూర్తిగా పోయి ఏళ్ళయింది. ఈ పిల్ల ఎదురుగా కూర్చుని ఏం చెప్పుకున్నా ఆయనకి వినపడదు. చూడటమే. కుక్కపిల్లతో చూసిన పిల్లని, ఇలా పెద్దదయ్యి, దిగులు దాచుకుని, కడుపుతో కూర్చుంటే చూశాడు. ఆ చుట్టూ చీకటి ఒంటరితనానికి పెట్టాడని కొందరంటారు. నాకలా అనిపించలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా, ఇంకో మనిషి నీడ పడకుండా, కాసేపు ఆమెకంటూ కాస్త చోటు ఇచ్చాడనిపించింది. అక్టోబరులో ఆడపిల్ల పుట్టింది. 1808లో గోదోయ్ పతనమయ్యాక అతన్ని వదిలేసి తోలేదోలో అన్న దగ్గరికి వెళ్ళిపోయింది.

చెల్లాయికి ఏడో నెల వచ్చిందని నువ్వు రాసినప్పటి నుంచీ నాకు సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని గంట కొట్టే ఆ చిన్నదే కళ్ళల్లో మెదులుతోంది. పురుటికి మీ ఇంటికే వచ్చింది కదా. పెళ్ళివాళ్ళ ఆర్డర్లు ఓ రెండ్రోజులు పక్కనపెట్టి దాన్ని కూర్చోబెట్టి ఒక బొమ్మ వెయ్యరా. నగలు పెట్టుకోమనకు, నవ్వమనకు. వెనకాల ఏమీ వెయ్యకు. ఆరాక ఫొటో పంపు.

నీ మావయ్యకి నా నమస్కారాలు చెప్పు. అమ్మని అడిగానని చెప్పు.

ఉంటాను.