మా దుకాణంలో ఇక కిట్టు పెట్టె దొరకదు

గత దసరాకు ముందు బరంపురంలోని మా దుకాణంలో చెక్క లేతుకు, అంటే చెక్కను గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రానికి, కావలసిన సామాన్ల కిట్టును ఒక ఎర్ర పెట్టెలో అమ్మకానికి పెట్టాను. మూత తీస్తే నల్ల స్పాంజిలో వరుసగా పేర్చిన 12 వస్తువులు కనిపిస్తాయి: చెక్కను పట్టుకునే నాలుగు దవడల చక్, డ్రిల్లు ముక్కను పట్టే డ్రిల్ చక్, చెక్క చివర్లను ఆనించి పట్టే రెండు సెంటర్లు, చెక్కను మరలతో బిగించే ఫేస్‌ప్లేటు, ఏడు ఉలులు. చెక్క లేతు కొత్తగా కొన్నవాళ్లు ఎవరు వచ్చినా "ఇదొక్కటి తీసుకోండి, ఇంకేమీ వెతుక్కోనక్కర్లేదు" అని చెప్పాను. 26 పెట్టెలు అమ్ముడుపోయాయి. 9 వెనక్కి వచ్చాయి. మిగిలిన 17 చక్కగా పనిచేస్తున్నాయని నమ్మేంత అమాయకుణ్ని కాను. చాలావరకు మంచాల కింద ఉండి ఉంటాయి.

ఆ పెట్టెను ఈ నెల నుంచి తీసేశాను. ఎందుకు తీసేశానో కొన్నవాళ్లకు చెప్పాల్సిన బాధ్యత నాది. కొనబోతున్నవాళ్లు కూడా వింటే మంచిది.

మొదట వచ్చినవారు ఇచ్ఛాపురం డ్రాయింగు మాస్టారు. చక్‌ను గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టి, "బాబూ, ఒక చుట్టు తిరిగి పట్టేస్తోంది" అన్నారు. ఆయనకు బిగించడం తెలియలేదేమో అనుకున్నాను. ఆ మాట పైకి అనకపోవడం నా అదృష్టం. ఆయన జేబులోంచి ఒక కాగితం తీశారు. పిల్లలు నాణెం మీద కాగితం పెట్టి రుద్దుతారు చూడండి, అలా లేతు స్పిండిల్ (చక్‌ను బిగించే, తిరిగే ఇరుసు) త్రెడ్ల మీద కాగితం చుట్టి పెన్సిలుతో రుద్ది తెచ్చారు. నల్లటి గీతలు పక్కపక్కనే తేలి ఉన్నాయి. స్కేలు ఆనించి లెక్కపెడితే అంగుళానికి 10. నేను ఇచ్చిన చక్‌లో అంగుళానికి 8. స్పిండిల్ మందం అంగుళమే, చక్ రంధ్రమూ అంగుళమే. అందుకే మొదటి చుట్టు ఎక్కుతుంది, తర్వాత కదలదు. ఆయన స్థానంలో నాలాంటి మొండివాడు ఉంటే పానా పట్టి తిప్పేవాడు, స్పిండిల్ పాడయ్యేది.

మీ లేతు స్పిండిల్ కొలత ఎంత అని ఆయనను నేను అడగలేదు. 26 మందిలో ఎవరినీ అడగలేదు.

చెక్క లేతులకు ఒకే కొలత అంటూ లేదు. అంగుళం మందం, 8 త్రెడ్లది ఎక్కువగా కనిపిస్తుంది. పెద్ద లేతుల్లో 33 మి.మీ. మందం, త్రెడ్డుకూ త్రెడ్డుకూ మధ్య 3.5 మి.మీ. దూరం ఉన్నవి ఉంటాయి. చిన్న వాటిలో ముప్పావు అంగుళం, 16 త్రెడ్లవి చూశాను. సెంటర్ల, డ్రిల్ చక్ సంగతి వేరు. వాటికి త్రెడ్డు ఉండదు, వెనక వైపు సన్నబడుతూ పోయే కాడ రంధ్రంలో బిగిసి కూర్చుంటుంది. దీన్ని మోర్స్ టేపర్ అంటారు. రంధ్రం మూతి దగ్గర దాదాపు 18 మి.మీ. ఉంటే రెండో నంబరు, 12 మి.మీ. ఉంటే ఒకటో నంబరు. కిట్టులో ఉన్నవన్నీ రెండో నంబరువి. ఒకటో నంబరు లేతు ఉన్నవాళ్లకు ఆ రెండు సెంటర్లూ డ్రిల్ చక్కూ కాగితం మీద పెట్టే బరువుకు తప్ప ఎందుకూ పనికిరావు.

ఇంకా లోతైన తప్పు ఒకటి ఉంది. ఆ పెట్టెలో ఉండాల్సినవి లేవు. ఉలులు ఏడు ఇచ్చాను, వాటికి పదును పెట్టే సాధనం ఒక్కటీ ఇవ్వలేదు. కొత్త ఉలి పదునుగా రాదు, వచ్చినా వేప చెక్క మీద ఎంతోసేపు నిలవదు. మొద్దు ఉలితో తిప్పితే చెక్క చీలికలుగా లేస్తుంది, చేతులు నొప్పి పుడతాయి, మనిషి తనకు ఈ పని రాదనుకుని మానేస్తాడు. ఇప్పుడు ఎవరైనా మొదట ఏమి కొనాలని అడిగితే ముఖం మొత్తం కప్పే షీల్డు, ఆ తర్వాత గ్రైండరు అంటున్నాను. నిమిషానికి 1,440 చుట్లు తిరిగేది, తెల్ల అల్యూమినియం ఆక్సైడు రాయి ఉన్నది తీసుకోండి. 2,800 చుట్లది కూడా పనిచేస్తుంది కానీ కొత్త చేతికి అది ఉలిని అరిగించినంత వేగంగా పదును పెట్టదు. ఉలి హైస్పీడ్ స్టీలుదైతే అంచు నీలంగా మారినా కంగారు అక్కర్లేదు. మామూలు కార్బన్ స్టీలుదైతే ఆ నీలం వచ్చిన చోట పదును నిలవదు, మాటిమాటికీ నీళ్లలో ముంచి చల్లార్చాలి. కిట్టులోని ఏడింటిలో నాలుగు కార్బన్ స్టీలువి. అన్నీ హైస్పీడ్ స్టీలే అని టోకు వ్యాపారి చెప్పిన మాటను నేను రాయి మీద పెట్టి చూడకుండానే మీకు చెప్పాను.

నా నిద్ర పాడుచేసింది మాత్రం ఆరో ఫిర్యాదు. ఇక్కడ చదువుకునే ఒక కుర్రాడు పనస చెక్కతో గిన్నె మొదలుపెట్టాడు. పెట్టెలో అన్నిటికన్నా వెడల్పైన ఉలి రఫింగ్ గౌజు. పెద్ద పనికి పెద్ద ఉలి అనుకున్నాడు. అలా అనుకోవడంలో అతని తప్పేమీ లేదు. ఆ గౌజు కర్రలను గుండ్రం చేయడానికి మాత్రమే. ముందు ఎంత వెడల్పుగా ఉన్నా, పిడిలోకి దిగే తోక సన్నగా ఉంటుంది. గిన్నెలో చెక్క పోగులు తిరిగిన ప్రతి చుట్టులో రెండుసార్లు అడ్డంగా ఎదురొస్తాయి. ఉలి అక్కడ చిక్కుకుంది, తోక వంగిపోయింది, గిన్నె ఊడి గోడకు తగిలింది. అతనికి ఏమీ కాలేదు. వంగిన ఆ ఉలిని తెచ్చి ఇచ్చి "మార్చి ఇస్తారా అన్నా?" అని అడిగాడు. ఉలితో పాటు షీల్డు కూడా ఇచ్చి పంపాను. ఆ వంగిన ముక్క ఇప్పుడు నా బల్ల వెనక మేకుకు వేలాడుతోంది.

పర్లాకిమిడి నుంచి కొమ్ము పని చేసే ఒక పెద్దాయన కూడా వచ్చారు. కొమ్ము కొంగలకు చెక్క పీటలు తిప్పుదామని చక్ కొన్నారు. చెక్క ఊగుతోందన్నారు. అది కిట్టు లోపం కాదు. చక్ పట్టుకోవడానికి చెక్క కింద చెక్కే బొడిపె మరీ పొడుగైపోయి, చక్ అడుగును తాకుతోంది. అడుగు తాకకూడదు. బొడిపె చుట్టూ ఉన్న చదునైన భుజం దవడల మూతి మీద కూర్చోవాలి, అప్పుడే చెక్క కదలదు. బొడిపె మందం కూడా దవడలు దాదాపు మూసుకుని గుండ్రంగా కలిసే కొలతకు దగ్గరగా ఉండాలి. 50 మి.మీ. దవడలను బాగా విప్పి పట్టిస్తే మూలలు మాత్రమే గుచ్చుకుని బొడిపె మీద గాట్లు పడతాయి. ఆయన పీటల మీద సరిగ్గా అవే గాట్లు కనిపించాయి. పది నిమిషాల్లో నా లేతు మీద చూపించాను. అమ్మిన రోజే చూపించాల్సింది.

డ్రిల్ చక్ గురించి ఒక్క మాట. దాన్ని టెయిల్‌స్టాక్‌లో, అంటే లేతులో తిరగని వైపు పెట్టి రంధ్రాలు వేసుకోండి. తిరిగే వైపు పెట్టి చిన్న ముక్కలు తిప్పాలంటే దాన్ని వెనక నుంచి బోల్టుతో లాగి బిగించండి. బిగించకపోతే ఊడి వస్తుంది.

కిట్టులో లేనిదీ నేను విడిగా బాగా అమ్మినదీ మెరుపు పాలిష్ డబ్బా. మొహమాటం లేకుండా చెబుతాను, అది మొదట్లో ఎవరికీ అవసరం లేదు. మా తాత లేతును తరిమెన అనేవాడు. తాడు చుట్టి ఒకరు లాగితే ఇంకొకరు ఉలి పట్టేవారట. తిరుగుతున్న చెక్కకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, దాని మీద ఎండిన మొగలి ఆకు ఒత్తితే పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. ఏటికొప్పాక బొమ్మల మెరుపు అలాంటిదే. మొగలికి పేరుపడిన గంజాం జిల్లాలో ఉండి డబ్బా పాలిష్ కొనుక్కుంటున్నాం. ముళ్లు తీసేసిన ఎండాకులు ఒక బుట్టలో పెట్టాను, కావలసినవాళ్లు ఊరికే తీసుకెళ్లండి. లక్కకు మాత్రం డబ్బులు తీసుకుంటాను.

కిట్టు కొన్నవాళ్లు ఉగాది లోపు తీసుకురండి. చక్ సరిపోకపోతే ఇన్సర్టు (స్పిండిల్‌కు ఎక్కే త్రెడ్ల ముక్క) మార్చుకునే రకం చక్ ఇస్తాను. అది కిట్టు చక్ కంటే ఖరీదు, ఆ తేడాలో సగం నేను భరిస్తాను. మొత్తం భరించే స్థితిలో లేను, మిగిలిన 14 పెట్టెలను టోకు వ్యాపారి వెనక్కి తీసుకోనన్నాడు. నంబరు సరిపోని సెంటర్లను ఉచితంగా మారుస్తాను. కార్బన్ స్టీలు ఉలులు నాలుగింటికి బదులు ఒక మంచి గిన్నె గౌజు ఇస్తాను. లెక్క తక్కువే, పని ఎక్కువ. బిల్లు పోయినా ఫరవాలేదు, ఎర్ర పెట్టె నా దగ్గర తప్ప ఊళ్లో ఎవరూ అమ్మలేదు.

కొత్తగా కొనేవాళ్లు డబ్బు కంటే ముందు పెన్సిలుతో రుద్దిన కాగితం తెండి. టెయిల్‌స్టాక్ రంధ్రం కొలత కూడా దాని మీదే రాయండి. ఆదివారాలు మధ్యాహ్నం 3 నుంచి నా లేతు ఖాళీగా ఉంటుంది, ఏ సాధనమైనా తిప్పి చూసి కొనుక్కోవచ్చు. చేతి గ్లవ్సులు, వదులు చేతుల చొక్కాలు, వేలాడే చున్నీలు మాత్రం బయటి మేకుకు తగిలించి లోపలికి రావాలి.