భోగి నాడు ఆగిపోయిన గొబ్బి పాటలు

రాజమండ్రి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ రమణా,

నీ మెసేజ్ చూశాను. మన స్కూల్ పాత విద్యార్థుల సైటు అర్ధరాత్రి రెండింటికి పడిపోయిందనీ, సైటుకి సర్వర్‌లో చోటిచ్చే హోస్టింగ్ వాళ్లు పెద్ద ప్లాన్‌కి మారమంటున్నారనీ, మారిపోనా అనీ అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇది చదివేదాకా మాత్రం డబ్బు కట్టకు.

సంక్రాంతికి నాకూ ఇదే అయింది. అమ్మ పాటల సైటు నీకు తెలుసుగా, గొబ్బి పాటలు, హారతులు, లాలి పాటలు మూడేళ్లుగా ఒక్కొక్కటీ రికార్డు చేసి పెడుతున్నాను. మామూలప్పుడు రోజుకి ఇరవై మంది వింటే గొప్ప. ఈసారి ధనుర్మాసంలో ఎవరో ఒక గొబ్బి పాట లింకు వాట్సాప్ గ్రూపుల్లో వేశారు. అక్కణ్ణుంచి ఎక్కడెక్కడికి వెళ్లిందో! భోగి నాడు తెల్లవారుజామున మంట దగ్గర నిలబడి ఫోన్ తెరిస్తే తెల్లటి పేజీ, పైన ఒక్క ముక్క: ‘509 బ్యాండ్‌విడ్త్ లిమిట్ ఎక్సీడెడ్’. అమ్మ పక్కనే ఉంది. "నా పాటలు పోయాయా నాన్నా?" అంది. నాకు కాళ్లు ఆడలేదురా.

పోలేదు, అన్నీ భద్రంగానే ఉన్నాయి. నెలకి ఇచ్చిన డేటా హద్దు దాటేసరికి మీటరు ఆగింది, అంతే. ఇంటికొచ్చి లెక్క వేశాను. నా ప్లాన్‌కి నెలకి 100 జీబీ. నాలుగు నిమిషాల పాటని 320 కేబీపీఎస్‌లో (సెకనుకి 320 కిలోబిట్లు) పెట్టాను, అంటే ఒక్కోటి 9.6 ఎంబీ. పదివేల సార్లు వింటే 96 జీబీ అయిపోతుంది. సీప్యానెల్‌లో, అంటే సైటు నడుపుకునే కంట్రోల్ పేజీలో, చూస్తే విన్నది నిజంగా మనుషులే, సగం మంది అమెరికా నుంచి. మళ్లీ ఒకటో తారీఖు వస్తే గానీ మీటరు సున్నాకి రాదు. అప్పటికి పండగ ఎక్కడుంటుంది? ఆలోచించకుండా అప్‌గ్రేడ్ చేశాను. పాత ప్లాన్‌లో మిగిలిన రోజుల డబ్బు మినహాయించి తేడా, దానిమీద 18 శాతం జీఎస్టీ కట్టించుకున్నారు. పది నిమిషాల్లో సైటు లేచింది. అదే సర్వర్‌లో హద్దు పెంచడమే కాబట్టి ఒక్క ఫైలు కూడా కదలలేదు. అమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, తన గొంతు తనే విని, అప్పుడు కాఫీ తాగింది.

కనుమ వెళ్లాక అన్ని పాటల్నీ 64 కేబీపీఎస్ మోనోలోకి (ఒకే ఛానెల్) మార్చాను. ఒక్కోటి 1.9 ఎంబీకి దిగింది. ఒక్క గొంతు పాడే పాటకి అది చాలు, అమ్మకి తేడా తెలియలేదు. అయినా అప్‌గ్రేడ్ చేసినందుకు నాకు విచారం లేదు. పండగ పూట పాట కోసం వచ్చి వెనక్కి వెళ్లినవాళ్లు మళ్లీ రారు.

ఇక నీ సంగతి. నువ్వు పంపిన ఫొటోలో ఉన్నది 509 కాదురా, 508. రెండూ వేరు. నాది నెలంతా వాడిన కరెంటు యూనిట్ల లాంటిది. నీది బస్టాండ్‌లో టికెట్ కౌంటర్ లాంటిది, ఒకేసారి ఇరవై మందికి మించి నిలబడనివ్వరు. స్కూల్ పాత విద్యార్థుల సైటుకి అర్ధరాత్రి రెండింటికి ఇరవై మంది ఒక్కసారే ఎందుకొస్తారు? నాకు రోబోల మీదే అనుమానం, అంటే మనుషులు లేకుండా వాటంతటవే సైట్లు తిరిగే ప్రోగ్రాములు. సీప్యానెల్‌లో ‘రా యాక్సెస్’ అని ఉంటుంది, ఎవరెవరు ఎప్పుడొచ్చారో రాసి ఉండే ఆ లాగ్ ఫైలు దించుకుని చూడు. ‘ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఆర్‌పీసీ’ అనో, ‘డబ్ల్యుపీ-లాగిన్’ అనో (వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే సైట్లలో రోబోలు తట్టే తలుపులివి) ఒకే ఐపీ, అంటే ఒకే ఇంటర్నెట్ చిరునామా, నుంచి వరసగా వందల లైన్లు కనిపిస్తే, వాటికి తలుపు వేసెయ్యాలి. తయారైన పేజీని దాచి ఉంచే క్యాషింగ్ ప్లగిన్ ఒకటి పెట్టు, ప్రతి మనిషికీ పేజీ మొదట్నుంచీ వండక్కర్లేకుండా పోతుంది. రోబోల కోసం పెద్ద ప్లాన్ కొంటే ఆ కౌంటర్ కూడా అవే నింపేస్తాయి. ఇవన్నీ చేశాక కూడా 508 వస్తే అప్పుడు నీ దగ్గరికి వచ్చేది మనుషులే, ధైర్యంగా మారిపో.

డిస్క్ కూడా ఒకసారి చూడు. నా దాంట్లో బ్యాకప్ జిప్‌లు ఆరు అలాగే పడున్నాయి, ఎర్రర్ లాగ్ ఫైలు ఏడాదిగా పెరుగుతూనే ఉంది, మెయిల్ బాక్సులో స్పామ్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. మనవాళ్లు పంపే ఫొటోలు ఒక్కోటి ఐదారు ఎంబీ ఉంటాయి, వర్డ్‌ప్రెస్ వాటికి మళ్లీ చిన్నా పెద్దా నకళ్లు తీస్తుంది. తగ్గించి ఎక్కించు. తెలుగు రాతకి ఎక్కువ చోటు పడుతుందా అని కూడా అడిగావు. నిజమే, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు, ఇంగ్లీషు అక్షరానికి ఒకటే. అయినా మాస్టారి మీద నువ్వు రాసిన అంత పెద్ద వ్యాసం ఒక్క ఫొటోలో పదో వంతు కూడా ఉండదు. తెలుగులోనే రాయి.

మారాల్సి వస్తే మాత్రం రెండు అడిగి తెలుసుకో. మొదటి ఏడాది రేటు కాదు, రెన్యువల్ రేటు ఎంత? హద్దు దాటితే సైటు ఆపుతారా, లేక అడక్కుండానే కార్డులోంచి లాగుతారా? వీపీఎస్‌కి (మనకంటూ విడిగా ఇచ్చే సర్వర్ వాటా) వెళ్దామంటే అది ఇల్లు మారడమే. ఐపీ మారుతుంది, సైటు పేరుని ఆ ఐపీకి కలిపే డీఎన్ఎస్ మార్చాలి, మెయిళ్లు జాగ్రత్తగా తరలించాలి. దానికి శనివారం రాత్రి నేనూ కూర్చుంటాను, ఒక్కడివీ మొదలుపెట్టకు. ఎటు వెళ్లినా ముందు పూర్తి బ్యాకప్ నీ ల్యాప్‌టాప్‌లోకి దించుకో.

రేపు ఆ లాగ్ ఫైలు పంపు. అమ్మ నిన్ను అడిగింది. మీ అమ్మగారి అప్పగింతల పాట రికార్డు చేసి పంపుతానని చెప్పి ఏడాది దాటింది. ఇప్పుడు నా దగ్గర బోలెడు చోటుంది, ఆవిడ తీరిగ్గా ఉన్న మధ్యాహ్నం చూసి, ఫ్యాన్ ఆపి రికార్డు చెయ్యి.

నీ
సత్యం