పేరు చూసి డిగ్రీలో చేర్పించకండి

సంపాదకునికి,

2023లో చంద్రయాన్-3 దిగినప్పటి నుంచి ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: ‘ఖగోళ భౌతికశాస్త్రంలో డిగ్రీ ఎక్కడ ఉంది?’ ఆ పేరుతో డిగ్రీ ఇచ్చే చోట్లు మన దేశంలో తక్కువే. పేరు కోసం లక్షలు పోయనక్కర్లేదు. బీఎస్సీలో భౌతికశాస్త్రం, గణితం గట్టిగా చదివి, ఎమ్మెస్సీకి జామ్, పరిశోధనకు జెస్ట్ వంటి పరీక్షలు రాసి, పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం అయూకాకో బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థకో చేరడమే రాచబాట. 1949లో హార్వర్డ్‌లో ఉండగా తోకచుక్కను కనుగొన్న ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు మన నిజాం కళాశాల విద్యార్థే.

నా బాధల్లా ప్రయోగశాలల గురించి. సోడియం దీపాన్ని, కాంతిని రంగులుగా విడదీసే గ్రేటింగ్‌తో చూస్తే 589.0, 589.6 నానోమీటర్ల వద్ద రెండు పసుపు గీతలు పక్కపక్కనే కనిపిస్తాయి. సూర్యుడి వర్ణపటంలో సరిగ్గా అక్కడే రెండు నల్లగీతలుంటాయి. అక్కడి సోడియం ఆ కాంతిని పీల్చుకోవడం వల్ల ఏర్పడేవవి; సూర్యుడిలో సోడియం ఉందని తెలిసేది వాటివల్లే. ఖగోళ భౌతికశాస్త్రంలో తొలిపాఠం అది! చాలా కళాశాలల్లో ఆ దీపం బీరువా దాటడం లేదు. రీడింగులు మాత్రం సీనియర్ల రికార్డుల నుంచి తప్పుల్తో సహా దిగుతున్నాయి.

ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాలలో 48 అంగుళాల టెలిస్కోపు ఏర్పాటైంది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు అక్కడి నుంచే పరిశీలించారు. హైదరాబాదు వెలుగుల వల్ల నేడు అక్కడ గొప్ప పరిశోధన కష్టమేమో కానీ, చదువుకు ఆ ఆకాశం చాలు. ప్రభుత్వం దాన్ని బాగుచేయించి, డిగ్రీ విద్యార్థులకు ఏటా ఒక్క రాత్రయినా అక్కడ పరిశీలనకు అవకాశం కల్పించాలి.

– విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, వరంగల్