కల్లంలో తడిసిన వడ్లు ఎవరి లెక్క?

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ రెండో వారం నుంచి ఈ నెల రోజుల్లో మా ఊళ్లో నాలుగుసార్లు గాలిదుమారం లేచింది, రెండుసార్లు రాళ్ల వాన పడింది. మాది నల్లగొండ జిల్లా, సాగర్ ఎడమ కాల్వ కింద మూడెకరాల యాసంగి వరి. నేలకొరిగిన వరి ఫొటోలు రోజూ పేపర్లో వస్తున్నాయి, రావాలి కూడా. కానీ కోసి, ఆరబెట్టి, కొనుగోలు కేంద్రంలో కుప్ప పోసిన తర్వాత తడిసిన వడ్ల గురించి ఎవరూ గట్టిగా అడగడం లేదు. అందుకే రాస్తున్నాను.

మా వడ్లు కేంద్రానికి తోలి పదమూడు రోజులైంది. మొదటి మూడు రోజులు తేమ 17 శాతానికి దిగలేదు, అంతకు మించితే కొనరు, అది నిబంధన, కాదనను, ఆరబెట్టాం. నాలుగో రోజు మిషన్ పెడితే 16 వచ్చింది. ఇక కాంటా, అంటే తూకం, అవుతుందనుకుంటే సంచులు లేవని రెండు రోజులు, హమాలీలు లేరని ఒక రోజు, ఆ తర్వాత లారీ రాలేదని మూడు రోజులు. కేంద్రం నడిపే మహిళా సంఘం వాళ్లను అనడానికేం లేదు, "అన్నా, లారీ వస్తే నీదే ముందు పెడతాం" అని వాళ్లూ ఎండలో మాతోపాటే కూర్చున్నారు.

పదో రోజు సాయంత్రం నాలుగు దాటాక పడమర దిక్కున మొగులు నల్లగా కమ్మింది. అప్పటిదాకా ఉడికించిన ఉక్కపోత ఆగిపోయి ఒక్కసారి చల్లగాలి కొట్టింది. ఆ గాలి తగిలిందంటే ఇక పది నిమిషాలే టైమని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆరబోసిన వడ్లను కుప్పకు లాగి పరదాలు కప్పేలోపే దుమారం వచ్చింది. ఒక మూల రాయి పెడితే ఇంకో మూల లేస్తోంది, నా భార్య పరదా మీదే కూర్చుంది, నేనూ మా పెద్దోడూ చెరో కొస పట్టుకున్నాం. కుంకుడుకాయలంత రాళ్లు, ఇరవై నిమిషాలు. వాన ఆగాక చూస్తే పైన తడిసింది తక్కువే. కానీ ఆ జాగా అంతా పల్లం, చుట్టుపక్కల నీళ్లన్నీ కుప్పల కిందికే వచ్చాయి. పక్కనున్న కుప్పల సంగతీ అంతే. మర్నాడు కుప్ప అడుగున చెయ్యి పెడితే లోపల వేడి, ముక్కవాసన. మూడో రోజుకు గింజకు తెల్లగా మొలక వచ్చింది. తేమ 24 చూపించింది. మళ్లీ మొదటికొచ్చాం.

పంట నష్టం రాయడానికి వచ్చిన అధికారిని నా వడ్లు కూడా రాసుకోమని అడిగాను. "మేము పొలంలో ఉన్న పంటే రాస్తాం, నీది కోసేశావు కదా" అన్నారు. విపత్తుల నిధి నుంచి సాయం రావాలంటే 33 శాతానికి తగ్గకుండా పంట పోవాలి, అంతకుముందు 50 శాతం ఉన్నదాన్ని 2015లో తగ్గించారు, వడగళ్ల వాన కూడా ఆ విపత్తుల జాబితాలో ఉంది. 2023 మార్చిలో ఇలాగే రాళ్ల వాన పడితే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఎకరాకు 10 వేలు ప్రకటించారు. అదంతా చేను మీద పోయినవాళ్లకు. నా పొలంలో ఇప్పుడు కొయ్యకాళ్లు తప్ప ఏమీ లేవు, ఏం చూపించాలి? కొనుగోలు కేంద్రంవాళ్లను అడిగితే కాంటా కాలేదు కాబట్టి ఆ వడ్లు ఇంకా రైతువే అంటారు. కేంద్ర ప్రభుత్వ పంటల బీమా పథకం ఫసల్ బీమాలో కోసి పొలంలో ఆరేసిన పంటకు 14 రోజుల దాకా అకాల వర్షం, వడగళ్ల నష్టం వర్తిస్తుంది, కానీ మన రాష్ట్రం 2020లో ఆ పథకం నుంచి బయటికొచ్చింది. అది ఉన్నా పొలం వరకే, కొనుగోలు కేంద్రంలో పోసిన కుప్పకు కాదు.

నేను అడిగేది ఒక్కటే. వడ్లు కేంద్రానికి వచ్చి తేమ 17 లోపు చూపించిన రోజే రైతు పేరు, సుమారు క్వింటాళ్లు రాసి రసీదు ఇవ్వాలి. ఆ రోజు నుంచి సంచులు రాకపోయినా, లారీ రాకపోయినా, వాన వచ్చినా ఆ వడ్లు ప్రభుత్వానివే కావాలి. తడిసిన ధాన్యం కూడా కొంటామని ప్రతి ఏడూ చెప్తారు, కానీ మిల్లు దగ్గరికి పోయాక రంగు మారిందని, తాలుందని తరుగు తీస్తున్నారు, బస్తాకు ఎంత పోతుందో రైతుకు చివరిదాకా తెలియదు. తడిసిన వడ్లను ముందుగా ఉప్పుడు బియ్యం పట్టే మిల్లులకు పంపితే నష్టం చాలావరకు తగ్గుతుంది, ఎలాగూ ఆ వడ్లను నానబెట్టి ఉడికించేదే కదా. ఇంకోటి, కేంద్రం పెట్టే జాగా ఎత్తుగా ఉండాలి, కనీసం చుట్టూ కాలువ తీయాలి. అది జేసీబీకి ఒక పూట పని. పరదాలు మేం రోజు కిరాయికి తెచ్చుకుంటున్నాం, అన్ని రోజుల కిరాయి ఎవరిస్తారు?

హెచ్చరికల గురించి కూడా చెప్పాలి. హైదరాబాద్ వాతావరణ కేంద్రం మూడు గంటల ముందు కూడా జిల్లాల పేర్లు చెప్తుంది, అది మంచి పనే. కానీ నల్లగొండ జిల్లా అంటే దేవరకొండా అందులోనే, మిర్యాలగూడా అందులోనే. రోజూ జిల్లా పేరు వినీ వినీ జనం పట్టించుకోవడం మానేశారు. మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, గాలి, వాన వివరాలు అక్కడ నమోదవుతున్నాయి. పై మండలంలో దుమారం మొదలైందని కింది మండలంలోని కొనుగోలు కేంద్రాలకు ఒక్క ఫోన్ వస్తే మాకు అరగంట దొరుకుతుంది. ఆ అరగంటలో కుప్పలన్నీ కప్పుకుంటాం. పిడుగుల హెచ్చరిక కోసం పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్ ఉంది, మా పెద్దోడు ఫోన్లో పెట్టాడు, కానీ గొర్లు కాసేవాళ్ల దగ్గర ఉన్నవి బటన్ ఫోన్లు. మొన్న ఊరి చివర చింతచెట్టు కింద కట్టేసిన రెండు బర్రెలు పిడుగుపడి చచ్చిపోయాయి, వాటి పాల మీదే ఆ ఇల్లు నడిచేది.

కొల్లాపూర్ దిక్కు మామిడి, మా దగ్గర బత్తాయి ఎంత రాలిందో తోటల రైతులు నాకన్నా బాగా చెప్తారు, వాళ్లూ రాయాలని కోరుతున్నాను.

మా వడ్లు ఇప్పుడు రోడ్డు మీద ఆరుతున్నాయి. రాత్రిపూట బండ్లు వస్తాయని మా పెద్దోడు టార్చిలైటు పట్టుకుని అక్కడే పడుకుంటున్నాడు. రేపు మళ్లీ తేమ మిషన్ పెడతామన్నారు.

– ఒక వరి రైతు, నల్లగొండ జిల్లా