ధర తగ్గని పోటీ

సంపాదకులకు,

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ల పోటీ మాట వస్తే చాలు, ఒకే లెక్క వినిపిస్తుంది. స్టీమ్ కమీషన్ నూటికి 30, ఎపిక్‌ది 12, కాబట్టి ఎపిక్ రావడం గేమర్‌కి లాభమట. కమీషన్ల వరకూ ఆ లెక్క నిజమే. లాభం ఎవరికన్నదే తేడా.

18 శాతం జీఎస్టీతో కలిపి 2,950 రూపాయలున్న గేమ్‌ను తీసుకోండి. పన్ను 450 పోతే మిగిలేది 2,500. అందులో స్టీమ్ 750 ఉంచుకుంటే పబ్లిషర్‌కి, అంటే గేమ్‌ను విడుదల చేసే కంపెనీకి, 1,750 వస్తుంది. ఎపిక్ 300 ఉంచుకుంటే 2,200 వస్తుంది. తేడా 450. ధర మార్చాలా వద్దా అన్నది పబ్లిషర్ ఇష్టం కనుక, కొనేవాడు చాలాసార్లు రెండు చోట్లా అదే 2,950 కడతాడు. 2019 ఫిబ్రవరిలో వచ్చిన మెట్రో ఎక్సోడస్ అనే గేమ్‌కి ఎపిక్‌లో, అమెరికాలో ధర 60 డాలర్ల నుంచి 50కి దించారు, కాదనను. ఆ తగ్గింపు ఆనవాయితీ కాలేదు. పైగా విడుదలకు మూడు వారాలు కూడా లేని సమయంలో ఆ గేమ్‌ను ఎపిక్‌కే ఇచ్చి, స్టీమ్ నుంచి ఏడాదిపాటు తప్పించారు. ముందే బుక్ చేసుకున్నవాళ్లకు మాత్రం అక్కడే ఇచ్చారు.

ఇలా గేమ్‌ను ఒకే స్టోర్‌లో అమ్మే ఎక్స్‌క్లూజివ్ ఒప్పందం ఎలా పనిచేస్తుందో మన సినిమా బయ్యర్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇదీ ఎంజీయే, మినిమమ్ గ్యారంటీ. స్టోర్ ముందే ఒక మొత్తానికి హామీ ఇస్తుంది. గేమ్ అమ్ముడవుతుంటే పబ్లిషర్ వాటాను ఆ మొత్తంలో చెల్లు వేసుకుంటుంది. అది తీరాకే పబ్లిషర్‌కి అదనంగా వచ్చేది. తీరకపోతే నష్టం స్టోర్‌ది. బోర్డర్‌ల్యాండ్స్ 3 అనే గేమ్ కోసం ఎపిక్ ఒప్పుకున్నది 14.6 కోట్ల డాలర్లని, అందులో 8 కోట్లు ఎంజీ అని 2021లో యాపిల్‌తో కేసు నడిచినప్పుడు కోర్టు పత్రాల్లో బయటపడింది. అందుకే ‘ఎపిక్‌లో కొనం, స్టీమ్‌కి వచ్చేదాకా ఆగుతాం’ అని అలిగితే పబ్లిషర్‌కి పెద్దగా నొప్పి తెలియదు, ఎంజీ వరకూ డబ్బు ఖాయం కనుక.

ఆగదలచుకుంటే ఎంతకాలమో కూడా ఒక తీరుగా ఉండదు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 నెలకే స్టీమ్‌కి వచ్చింది. బోర్డర్‌ల్యాండ్స్ 3కి ఆరు నెలలు, మెట్రోకి ఏడాది పట్టింది. పబ్లిషర్ పేరు దగ్గర ఎపిక్ అనే ఉంటే, ఎలన్ వేక్ 2 లాగా, ఆశ వదులుకోవడమే మంచిది.

ఆగలేక ఎపిక్‌లో కొన్నవాడు తర్వాత స్టీమ్‌కి మారితే గేమ్‌కి మళ్లీ డబ్బు కట్టాలి, డీఎల్‌సీలకీ, అంటే గేమ్‌కి విడిగా కొనే అదనపు భాగాలకీ, మళ్లీ కట్టాలి. ఆడిన ఆటనైనా కాపాడుకోవచ్చు. బోర్డర్‌ల్యాండ్స్ 3నే చూడండి. డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్, అందులో బోర్డర్‌ల్యాండ్స్ 3, సేవ్డ్, సేవ్‌గేమ్స్ దాకా వెళ్తే ఎపిక్ ఐడీ పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. స్టీమ్‌లో గేమ్‌ని ఒకసారి తెరిచి మూస్తే దాని పక్కనే 7656తో మొదలయ్యే పొడవాటి అంకెల ఫోల్డర్ పుడుతుంది. దాంట్లోకి సేవ్ ఫైళ్లను కాపీ చేయాలి. అంతకుముందే స్టీమ్‌లో ఆ గేమ్ ప్రాపర్టీస్‌కి వెళ్లి క్లౌడ్ సేవ్ (సేవ్ ఫైళ్లను స్టీమ్ సర్వర్లలో దాచే ఏర్పాటు) ఆపాలి. మరిచిపోతే క్లౌడ్‌లోని కొత్త ఖాళీ సేవ్ వచ్చి, మీరు పెట్టిన ఫైళ్లమీద కూర్చుంటుంది.

2019 ఏప్రిల్‌లో ఎపిక్ అధిపతి టిమ్ స్వీనీ ఒక మాట బాహాటంగానే అన్నారు: స్టీమ్ పబ్లిషర్లకు శాశ్వతంగా 88 శాతం వాటా ఇస్తే మేం ఎక్స్‌క్లూజివ్‌లు ఆపేస్తామని. అంటే బేరం పబ్లిషర్ల వాటా మీదే, మన జేబు అందులో లేదు. 2025 జూన్ నుంచి ఒక్కో గేమ్‌కి ఏటా మొదటి 10 లక్షల డాలర్ల మీద ఎపిక్ కమీషనే తీసుకోవడం లేదు. ఎవర్నీ కట్టిపడేయకుండా చేసిన ఈ పని నిజమైన పోటీ అనిపించుకుంటుంది. అయినా స్టీమ్‌లో ఒక ధర, బయట తక్కువ ధర పెట్టనివ్వరన్న ఆరోపణ తేలాలి. స్టీమ్ యజమాని వాల్వ్ దాన్ని ఒప్పుకోవడం లేదు. దీనిపై 2021లో వుల్ఫైర్ అనే గేమ్ కంపెనీ అమెరికాలో వేసిన దావాకు 2024 నవంబరులో క్లాస్ యాక్షన్ హోదా, అంటే అదే ఫిర్యాదు ఉన్న అందరి తరఫునా నడిచే హోదా, దక్కింది.

మన కాంపిటీషన్ చట్టం సెక్షన్ 3(4) ప్రకారం ఎక్స్‌క్లూజివ్ ఒప్పందం దానంతటదే నేరం కాదు, పోటీకి గణనీయంగా హాని జరిగిందని చూపాలి. ఆ రుజువు దాకా పోనక్కర్లేని చిన్న పని ఒకటుంది. కొన్నది సొంతం కాదు, లైసెన్స్ మాత్రమే అని కొనేముందే చెప్పాలని కాలిఫోర్నియా 2025 జనవరి నుంచి చట్టం అమలు చేస్తోంది. స్టీమ్ ఆ వాక్యాన్ని కార్ట్‌లో పెట్టింది కూడా. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ మరో వాక్యం అడగాలి: ఈ గేమ్ ఫలానా తేదీ తర్వాత వేరే స్టోర్లలో దొరుకుతుంది అని, కొను బటన్ పక్కనే, ధర ఉన్నంత పెద్ద అక్షరాల్లో.

— ఒక పాఠకుడు, హైదరాబాద్